కాగితమున కెక్కని కష్టము

కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాల జనుల నిత్యజీవితము గడచిన డెబ్బదియైదు సంవత్సరములలో మారినంతగా మరియే కాలమునను మారియుండదని చెప్పిన అతిశయోక్తి కానేరదు. 2016 అక్టోబరులో ఈ రెండు జిల్లాలును విభజింపబడి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాదు అను కొత్త పేర్లు పటమున వెలసినవి. పటముతో పాటు బాట మారినది, ఇల్లు మారినది, వంట మారినది. ఇందుకు సంతసింపని వాడుండడు. అయినను ఈ మార్పును కొలుచుటకు మనము వాడుచున్న కొలబద్ద సరియైనదేనా యని నేడు విచారింపవలసియున్నదని మా అభిప్రాయము.

పూర్వస్థితిని ఒక్కమారు స్మరింతము. 1948 సెప్టెంబరు వరకు ఈ ప్రాంతము నైజాము పాలనలో నుండెను. ఊరిలో దొరగారి గడియు, పటేలు పట్వారీల దఫ్తరమును న్యాయస్థానములు. వారి మాటయే శాసనము. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ మొదలగువారు కూలి లేక చేయు చాకిరికి వెట్టి యని పేరు. తీరని అప్పునకు తరతరములు పనిచేయు జీతగానికి భాగేలా యని పేరు. పొలమునకు నీరు మోటబావి నుండియు, ఇంటికి వెలుగు గ్యాసునూనె బుడ్డి నుండియు, కుండకు గింజ నాగుకు తెచ్చిన అప్పు నుండియు రావలసియుండెను. జొన్నగటకయు, మక్కగటకయు సామాన్యుని భోజనము. వరియన్నము పండుగనాటి ముచ్చట. ఆదిలాబాదు అడవులలో గోండులు, కోలాములు తాము సాగుచేసిన నేలమీదనే ఆక్రమణదారులని పిలువబడిరి. ఆ అన్యాయము నెదిరించిన కుమ్రం భీం 1940లో జోడేఘాటు కొండలలో నేలకొరిగెను.

ఆ పిదప జరిగిన మార్పులు సామాన్యములు కావు. 1949 ఆగస్టులో జాగీరులు రద్దయినవి. 1963లో పండిత నెహ్రూ పోచంపాడు వద్ద గోదావరిపై ఆనకట్టకు శంకుస్థాపన గావించెను. అచ్చటి నుండి బయలుదేరిన కాకతీయ కాలువ జగిత్యాల, కరీంనగరము సీమలకు నీరు తెచ్చి మెట్టలను మాగాణములుగ మార్చెను. 1976లో భాగేలా వంటి దాస్యమును నిషేధించు చట్టమును పార్లమెంటు చేసినది. 1983లో రామగుండమున జాతీయ విద్యుత్కేంద్రపు తొలి యంత్రము తిరిగినది. 1984లో పటేలు పట్వారీ పదవులు తొలగినవి. 1985 నాటికి కరీంనగరము చెంత దిగువ మానేరు జలాశయము సిద్ధమైనది. మోట పోయి మోటారు వచ్చెను; నాగలి మూలబడి ట్రాక్టరు వచ్చెను. పదిమంది దినముల తరబడి కోసి, కట్టి, కొట్టి, తూర్పారబట్టిన వరిని కోతయంత్రము ఒక్కపూటలో గింజగ చేసి కుప్పబోయుచున్నది. పెండ్లికుమారునకు గడియారము, సైకిలు, రేడియో పెట్టుట ఘనముగ నుండిన కాలమును నేటి తాతలు మరువలేదు. నేడు అంగడిలో కూరగాయలమ్ము అవ్వయు ఫోనుతో డబ్బు చెల్లించుటకు వలయు గళ్ళచీటిని తన గంపకు తగిలించుకొనుచున్నది.

ఈ విషయమున మన అనుభవము ఒంటరిది కాదు. చైనా దేశమున 1970 దశకములో పెండ్లి తలపెట్టిన యువకుడు చేతిగడియారము, సైకిలు, కుట్టుమిషను సమకూర్చుకొనుటయే భాగ్యమని తలచెడివాడు. 1978లో ప్రారంభమైన సంస్కరణల పిదప టెలివిజను, ఫ్రిజ్, బట్టలుతుకు యంత్రము ఆ స్థానము నాక్రమించినవి. నేడచ్చట సంతలో చారెడు కూర కొనువాడును ఫోనుతోనే వెల చెల్లించుచున్నాడు. ఇంటిలోని సామగ్రిని మాత్రమే లెక్కించిన యెడల వారి కథయు మన కథయు ఒక్కటే. కాని చైనాలో ఇంకొక పట్టిక కలదు. 1958లో ఆ ప్రభుత్వము ప్రతి కుటుంబమును దాని స్వస్థలముననే నమోదు చేయు విధానమును చట్టముగ చేసెను. దానిని హుకౌ యందురు. పల్లెలు విడిచివచ్చి నగరముల మేడలు కట్టిన, కర్మాగారములు నడపిన వలసకూలీలు నేడు దాదాపు 30 కోట్లమంది. తాము కట్టిన నగరపు పట్టికలో వారిలో అనేకుల పేరు లేదు. పేరు లేనందున పిల్లలకు అచ్చటి బడిలో చోటు దొరకుట కష్టము. వైద్యమునకును, వృద్ధాప్యపు భృతికిని చిక్కు. 2014 నుండి ఆ నిబంధనలను సడలించుచు వచ్చిరి గాని చిక్కు పూర్తిగ తీరలేదు. సంపద పెరుగుట వేరు, సంపద పెంచినవాని పేరు లెక్కకెక్కుట వేరు అని చైనా చరిత్ర చెప్పుచున్నది. మన రెండు జిల్లాల చరిత్రయు అదే చెప్పుచున్నది.

వెట్టి యనగా కూలి లేని పని. ఆ వెట్టి పోయినది; నేడు ఎవ్వడును ఊరక పని చేయడు, చేయించుకొనుటకు ఎవ్వడును సాహసింపడు. ఇది గొప్ప విజయము. అయితే ఫలానావాడు ఫలానా చోట, ఫలానావాని వద్ద, ఇంతకాలము కష్టపడెనని చెప్పు కాగితము మాత్రము లక్షలాది జనులకు నేటికిని లేదు. కాగితము లేనివానికి బ్యాంకులో అప్పు పుట్టదు, పంట పోయిన పరిహారము రాదు, ముసలితనమున భృతి రాదు. వాడు మరణించిన యెడల వాని ఇంటికి దిక్కు లేదు. పూర్వము కూలి ఎగవేయబడెను; నేడు పేరు ఎగవేయబడుచున్నది. ఇది మా అభియోగము. దీనిని నాలుగు చోట్ల చూపెదము.

మొదటిది కౌలుదారుని సంగతి. 1950లో హైదరాబాదు రాష్ట్రము కౌలుదారీ చట్టమును చేసి రక్షిత కౌలుదారుల పట్టికలు వ్రాయించెను. ఆ పట్టికల కెక్కిన పేర్లలో ఎన్నియో, తామే స్వచ్ఛందముగ భూమి వదలుకొనినట్లు వ్రాయించిన కాగితములతో తుడుపుపడినవి. 1973లో భూపరిమితి చట్టము వచ్చెను. దానికి పూనుకొనిన ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావుగారు కరీంనగరము జిల్లా వంగర వారే. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలలో జీతగాండ్రు, కూలీలు సంఘములు కట్టి దొరల చేతిలోని బంజరులను అడిగిరి. ఆ యేడు అక్టోబరులో ప్రభుత్వము ఆ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగ ప్రకటించెను. ఆ తరువాత దొరల కుటుంబములు పెక్కు పట్టణములకు తరలిపోయెను, గడులు పాడువడినవి. నేడు భూమిగలవారిలో చాలమంది దొరలును కారు, దుర్మార్గులును కారు. పట్టణమున ఉద్యోగము చేయువారు, అంగడి నడుపువారు, బిడ్డలను అమెరికాకు పంపినవారు. వారి భూమిని దున్నువాడు, విత్తువాడు, వడ్డీకి తెచ్చి ఎరువు చల్లువాడు మాత్రము వేరొకడు.

ఆ వేరొకని పేరు ఎచ్చట నున్నది? 2011లో ఉమ్మడి రాష్ట్రము సాగుదారులకు రుణార్హత కార్డులిచ్చు చట్టము చేసెను. తెలంగాణ రాష్ట్రమున దాని అమలు అంతంతమాత్రమై నిలిచిపోయినది. 2018 మే 10వ తేదీన కరీంనగరము జిల్లా హుజూరాబాదు ప్రాంతముననే రైతుబంధు పథకము ప్రారంభింపబడినది. పంటకు ఎకరమునకు 4,000 రూపాయలు ఇచ్చిరి, తరువాత 5,000 చేసిరి. ఆ సంవత్సరమే ఆగస్టులో రైతుబీమా వచ్చినది. రైతు మరణించిన కుటుంబమునకు 5 లక్షల రూపాయలు. రెండును పట్టాదారు పేరిటనే. 2020లో ధరణి వచ్చినప్పుడు ఆ లెక్కలలో సాగుచేయువానికి గడియే లేకపోయినది. 2025 జనవరిలో రైతుభరోసా యను పేరున ఎకరమునకు ఏటా 12,000 రూపాయలు ఇచ్చుటకు ఉపక్రమించిరి. అదియు పట్టాపుస్తకము ననుసరించియే. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానమున భూభారతి వచ్చినది. అయితే చట్టము పేరు మారినంతమాత్రాన కౌలుదారుని చేతికి పత్రము రాదు. ఆదిలాబాదు నల్లరేగడిలో పత్తి పెట్టిన కౌలుదారుడు వానకు పంట పోగొట్టుకొనెనేని నష్టము వానిది, పరిహారపు పట్టికలో పేరు ఇంకొకరిది. పెద్దపల్లిలో వరి పండించినవాడు ధాన్యమును కొనుగోలు కేంద్రమునకు తోలుకొని పోయి, పట్టాదారు పుస్తకము కొరకును, ఆయన ఫోనుకు వచ్చు అంకెల కొరకును పట్టణమునకు కబురంపిన సందర్భములు కలవు. అప్పుల పాలై వాడు ప్రాణము తీసికొనిన యెడల, భూమి వాని పేరిట లేదు గనుక రైతుబీమా వాని యింటి గడప త్రొక్కదు. కష్టము ఉన్నచోట పేరు లేదు. పేరు ఉన్నచోట కష్టము లేదు.

పట్టాదారులగు మా పాఠకులు ఇచ్చట ఒక శంక వెలిబుచ్చెదరు. కాగితము వ్రాసియిచ్చిన యెడల రేపు కౌలుదారుడు భూమి నాదే యనునేమో, మూడెకరముల ఆసామిగా తమ గతి యేమి యని వారి భయము. ఈ భయమును మేము తేలికగ త్రోసివేయము. 1950 నాటి చట్టపు జ్ఞాపకము దాని వెనుక నున్నది. కాని 2011 నాటి చట్టమును చదివిన వారికి తెలియును: ఆ కార్డు ఒక్క సంవత్సరమునకే, అప్పునకును, పరిహారమునకును ఉపయోగపడునే గాని భూమిపై హక్కు నియ్యదు. అంతేకాదు, నోటిమాటతో ఇచ్చిన కౌలు యజమానిని మాత్రము కాపాడునా? కౌలు ఎగబెట్టిన నాడు, గెట్టు జరిపిన నాడు ఆయన చేతిలోను ఏమియు లేదు. చేనుకు గట్టు, ఊరికి కట్టు అని పెద్దలు చెప్పిరి. కౌలునకు కాగితము అట్టి గట్టు. దాని వలన నష్టపోవువాడు తాను దున్నని భూమికి దున్నినవాని సాయమును పుచ్చుకొనువాడొక్కడే. ఆ నష్టము న్యాయమైన నష్టమని మేము నిస్సంకోచముగ చెప్పెదము.

రెండవది బీడీలు చుట్టు స్త్రీల సంగతి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతములలో ఒడిలో చాట పెట్టుకొని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టు స్త్రీ చేతిమీద వేలాది సంసారములు నిలిచియున్నవి. మగవాడు దూరదేశము పోయిన యింట పొయ్యి వెలిగించునది ఆ చాటయే. 1966లో పార్లమెంటు బీడీ కార్మికులకు ప్రత్యేక చట్టము చేసినది. 1976లో వారి సంక్షేమమునకు నిధి యేర్పడినది. అయినను అత్తగారి పుస్తకముపై కోడలు, తల్లి పుస్తకముపై కూతురు చుట్టుచుండుట ఆ వాడలలో కొత్త కాదు. 2015లో తెలంగాణ ప్రభుత్వము బీడీ కార్మికురాండ్రకు నెలకు 1,000 రూపాయల భృతి ప్రారంభించెను. 2019లో అది 2,016 అయినది. మెచ్చదగిన పనియే. కాని భవిష్యనిధి లెక్కలో పేరున్నవారే దానికి అర్హులు. ఒక్క అరుగుమీద కూర్చుండి ఒక్కరీతిగ నడుము వంచిన ఇద్దరిలో ఒకతెకు భృతి వచ్చినది, రెండవదానికి రాలేదు. తేడా వ్రేళ్ళలో లేదు, పుస్తకములో నున్నది.

మూడవది గల్ఫు వలస. 1970 దశకమున చమురు వెల పెరిగి ఆ దేశములలో నిర్మాణములు ముమ్మరమైనప్పటి నుండి కరీంనగరము, ఆదిలాబాదు, నిజామాబాదు పల్లెల యువకులు దుబాయి, సౌదీ, కువైట్, ఖతర్, బహ్రెయిన్, మస్కట్ దారులు పట్టిరి. వారు పంపిన డబ్బుతో పెంకుటిండ్లు మిద్దెలైనవి, చెల్లెండ్ర పెండ్లిండ్లు జరిగినవి, బోర్లు పడినవి. 1983లో వలసల చట్టము వచ్చినను, ఏజెంటు చూపిన సందర్శకపు వీసాపై పోయినవాని పేరు ఇచ్చటి పట్టికలోను లేదు, అచ్చటి పట్టికలోను లేదు. యజమానియగు కఫీలును విడిచి పారిపోయినవానిని మనవారు ఖల్లివల్లి యందురు. ఆ మాటను నవ్వుచు పలుకుచున్నాము గాని, దాని యర్థమేమి? లెక్కలో లేనివాడు. వాడు జబ్బుపడిన వైద్యశాల లేదు, జీతము ఎగవేసిన న్యాయస్థానము లేదు. మరణించిన శవపేటిక ఊరు చేరుటకు వారములు పట్టును. 2024లో తెలంగాణ ప్రభుత్వము గల్ఫులో మరణించినవారి కుటుంబములకు 5 లక్షల రూపాయలిచ్చుటకు నిర్ణయించినది. చచ్చినవాని లెక్క ఆరంభమైనది. బ్రదికియున్నవాని లెక్క యెన్నడు?

నాలుగవది మన యింటి ముంగిటనే యున్నది. బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని గనులలో 1990 దశకపు తొలినాళ్ళలో సింగరేణి సంస్థకు లక్షకు పైగా కార్మికులుండిరి. నేడు వారి సంఖ్య సుమారు 40 వేలు. పెద్ద యంత్రములు వచ్చినవి, పైకప్పు లేని గనులు వచ్చినవి, బొగ్గు తగ్గలేదు. తగ్గిన పేర్ల స్థానమున చాలవరకు కాంట్రాక్టు కూలీలు వచ్చిరి. తండ్రి మస్టరులో పేరుండి పదవీవిరమణ పొందెను. కొడుకు అదే నేలమీద, అదే దుమ్ములో గుత్తేదారు చీటీపై పని చేయుచున్నాడు. ఇక పెద్దపల్లి, సుల్తానాబాదు చుట్టుపట్ల ఇటుకబట్టీలను చూడుడు. ఒడిశా నుండి ముందుగ బయానా పుచ్చుకొని ఆలుబిడ్డలతో వచ్చినవారు అచ్చట ఇటుక కోయుచున్నారు. మన మడులలో నాట్లు వేయుటకు బీహారు నుండి జట్లు వచ్చుచున్నవి. 1979 నాటి అంతర్రాష్ట్ర వలసకూలీల చట్టము వీరిని నమోదు చేయుమని చెప్పినది. ఎందరి పేర్లు నమోదైనవో ఆ బట్టీల యజమానులకే యెరుక. మన బిడ్డడు ఎడారిలో పేరు లేనివాడైనాడని కన్నీరు కార్చు మనము, పరుల బిడ్డడు మన బట్టీలో పేరు లేక యుండుటను చూచి మౌనము వహించుట ధర్మమా? కఫీలును నిందించువాడు తానును కఫీలు కాకుండవలెను.

పేరు కాగితమున కెక్కిన మాత్రాన కడుపు నిండునా యని కొందరు అడుగవచ్చును. నిండిన తావులు కలవు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము సాగుపత్రమును భార్యాభర్తల యిరువురి పేరిట నియ్యవలెనని విధించినది. 2023 జూన్ 30వ తేదీన ఆసిఫాబాదులో పోడు పట్టాల పంపిణీ ప్రారంభమైనది. జోడేఘాటు కొండలకు ఎనుబదిమూడేండ్ల తరువాతనైనను ఒక కాగితము చేరినది. అది చేతనున్న గోండుకు అటవీ ఉద్యోగి యెదుట నిలుచు తీరు మారినది. ఇంకొక ఉదాహరణము ముల్కనూరు. పూర్వము కరీంనగరము జిల్లాలోని ఆ గ్రామమున 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డిగారి పూనికతో సహకార సంఘము స్థాపితమైనది. అప్పు, ఎరువు, విత్తనము, అమ్మకము అన్నియు సభ్యుని ఖాతా మీదుగ నడచినవి. 2002లో ఆ ప్రాంతపు స్త్రీలు తమ సొంత పాలసంఘమును నెలకొల్పిరి. పాలు పోసిన స్త్రీకి ఆ సంఘములో సభ్యత్వము కలదు, మాట కలదు. ముల్కనూరున ఆకాశము నుండి ఊడిపడిన యంత్రమేదియు లేదు. కష్టపడినవారి పేర్లు పుస్తకమున కెక్కుటయే అచ్చటి యంత్రము.

కావున మేము కోరునది కొండంతది కాదు. పట్టాదారు ప్రతి సంవత్సరము మృగశిరకు ముందే కౌలుదారునితో ఏకసాల కాగితము వ్రాసికొనవలెను. ప్రభుత్వము ఆ కాగితమును గుర్తించి అప్పు, బీమా, పరిహారము, ధాన్యపు వెల సాగుదారునకే చేరునట్లు చేయవలెను. భూమిపై హక్కు పట్టాదారుదేనని అదే కాగితమున స్పష్టముగ వ్రాయవలెను. బీడీ కంపెనీలు చుట్టువారందరి పేర్లను పుస్తకములకెక్కింపవలెను. ప్రతి గ్రామపంచాయతిలోను రెండు పట్టికలుండవలెను: ఊరు విడిచి పోయినవారిది ఒకటి, ఊరికి పనికి వచ్చినవారిది ఒకటి. గ్రామపు గడియారస్తంభము కంటె, స్వాగతద్వారము కంటె ఈ రెండు పట్టికలకగు వ్యయము స్వల్పము.

కాగితము తయారుచేయు పట్టణము మన సీమలోనే కలదు. కాగజ్‌నగరమున మిల్లు 2014లో మూతపడి 2018లో తిరిగి తెరువబడినది. కాగితమునకు కరవు లేదు; వ్రాయు చేతులకును కరవు లేదు. పూర్వము వెట్టి పోవుటకు పట్టణములలోని విద్యావంతులును, పల్లెలలోని మంచి ఆసాములును ముందుకు వచ్చి తమ వర్గమునకే ఎదురు నిలిచిరి. నేడు అట్టి ధైర్యములో పదియవ పాలు చాలును. ఈ తొలకరికి ముందు ప్రతి భూస్వామియు తన భూమిని దున్నువాని పేరును తన చేతితో ఒక్క కాగితముపై వ్రాయునుగాక. మిగిలిన మార్పు దాని వెంట నడచివచ్చును.